పాచిరంగు జడ

ఇప్పుడు నా తల ముగ్గుబుట్ట. చూసేవాళ్ళకి బాగుంటుందో లేదో నేనెవరినీ అడగలేదు. మొన్నీమధ్య మా మనవరాలు పట్నం నుంచి ఒక సీసా తెచ్చి, "బామ్మా, ఇది రాసుకుంటే జుట్టు నల్లబడిపోతుందిట" అంది. ప్రేమతోనే తెచ్చింది పాపం. మూత తీశాను. నిజానికి ఆ సీసాలో మంచి పువ్వుల వాసనే కలిపారు. నా ముక్కుకి మాత్రం మా పుట్టింటి పెరట్లో ఇనప మూకుట్లో నానిన నీలాకు ముద్ద కంపే తగిలింది. మూత పెట్టేసి అవతల పెట్టమన్నాను. ఎందుకని అది అడిగితే, తల కడుక్కోవడానికి ఓపిక లేదన్నాను. అసలు సంగతి చెప్పాలంటే చాలా దూరం వెళ్ళాలి.

మా పుట్టిల్లు రాజమహేంద్రవరం. నాన్న కోర్టులో గుమాస్తా. ఇంట్లో నాన్న, అమ్మ, నాన్నకి అక్కగారైన మా మేనత్త ఉండేవారు. మేనత్త ఊహ తెలిసీ తెలియని వయసులో మొగుడు పోయి పుట్టింటికి చేరిన మనిషి. ఆ రోజుల్లో మా ఇళ్ళల్లో మొగుడు పోయిన ఆడదానికి తల గొరిగించి, తెల్ల పంచె కట్టించి, నెత్తిన ముసుగు వేసి వెనక గదిలో కూర్చోబెట్టేవారు. ఆవిడ అలా కూర్చునే ముసలిదైపోయింది. వంట చేసేది, మడి నీళ్ళు తోడేది, విస్తళ్ళు కుట్టేది. నాకు తెలిసి ఆవిడ ఒక మాట పైకి అన్నది లేదు, ఒకరి మాటకి అడ్డు వచ్చింది లేదు. జుట్టు కాస్త మొలవగానే మంగలి దొడ్డి గుమ్మంలోంచి వచ్చేవాడు. నూతి పక్క రాతి మీద ఆవిడ కూర్చునేది. ఆ పూట నేను పెరట్లోకి పోయేదాన్ని కాదు. నీళ్ళలో తడిసి అరటిపాదుల్లో పడి ఉండే ఆ తెల్ల జుట్టు ముక్కలు చూస్తే నాకు అన్నం సహించేది కాదు.

నాకు ఇరవై రెండో ఏట మొగపిల్లాడు పుట్టాడు. పురిటికి పుట్టింటికి వచ్చి ఉన్నాను. నాకు ముందునుంచే బాలనెరుపు. పాపిట పక్కన నాలుగు వెంట్రుకలు తెల్లగా ఉండేవి. పురుడు అయ్యాక ఏమైందో, రెండు కణతల నుంచీ నడినెత్తి దాకా పాయలు పాయలుగా తెల్లబడిపోయాయి. పిల్లాడు పాలు తాగుతూ ఆ పాయలు గుప్పిట పట్టుకుని లాగేవాడు. వాడికి ఏ బాధా లేదు. బాధంతా మా అమ్మకి.

దానికి కారణం లేకపోలేదు. మా అత్తవారిది కోనసీమ. మా అత్తగారికి నా జుట్టు సీమంతం నాడే కళ్ళబడింది. మాఘస్నానానికని గోదావరికి వచ్చిన ఒక దూరపు చుట్టం మా ఇంట భోజనం చేసి, చెయ్యి కడుక్కుంటూ అమ్మతో చల్లగా చెప్పింది.

"మీ వియ్యపురాలు ఏమంటోందో విన్నావుటే? కోడలు మా అబ్బాయి పక్కన నిలబడితే అక్కలా ఉంటుంది అంటోందిట. పక్క ఊళ్ళో ఎవరో పిల్లని చూసి కూడా వచ్చారుట."

ఇంకో పెళ్ళి చేసుకోవడం అప్పట్లో మగాడికి అంగవస్త్రం మార్చుకున్నంత పని. మొదటి పెళ్ళానికి పొయ్యి దగ్గర ఒక మూల మిగిలేది. మొగపిల్లాడు పుట్టాడు గనక పిల్లాణ్ణి తీసుకుపోయి నన్ను ఇక్కడే ఉంచేస్తారని అమ్మకి భయం పట్టుకుంది. ఐదో నెలలో మంచిరోజు చూసి అత్తగారూ, మా ఆయనా పడవలో వచ్చి మమ్మల్ని తీసుకువెళ్ళాలని అంతకు ముందే అనుకున్న మాట. ఆ రోజు దగ్గర పడింది. ఈలోగా నా తల నల్లబడాలి.

పక్కింటి పిన్నిగారు ఇలాంటివాటికి ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. ఆవిడ పుట్టింటివైపు నీలిమందు తీసే తొట్లు ఉండేవిట. వాళ్ళ వదినగారికి అరవయ్యో ఏట కూడా తల కాటుకలా ఉండేదిట. కొంగు కింద ఒక మూట పట్టుకొచ్చి అమ్మ చేతిలో పెట్టింది. ఎండబెట్టి దంచిన నీలాకు.

"ముందు కుంకుడుకాయతో తల శుభ్రంగా రుద్దేసి ఆరబెట్టు. జిడ్డు చుక్క ఉండకూడదు. గోరింటాకు ముద్ద పట్టించి పొద్దస్తమానం ఉంచు. తెల్లవన్నీ ఎర్రబడతాయి. ఆ ఎరుపు మీద ఈ నీలాకు పెడితే నలుపు తేలుతుంది. ఎరుపు పట్టకుండా ఇది పెట్టకు సుమా. అన్నిటికన్నా ముఖ్యం, అంతా అయ్యేదాకా తలకి నూనె తగలనివ్వకు" అంది.

అమ్మ తల ఊపింది. ఆ తల ఊపుడు నాకు బాగా తెలుసు. వింది గాని ఒప్పుకోలేదని దాని అర్థం. నూనె లేని తల మా ఇళ్ళల్లో ఎప్పుడు కనిపిస్తుందంటే, ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు. పసుపూ కుంకుమా ఉన్న ఆడది, అందులోనూ ఒళ్ళో పసిబిడ్డ ఉన్నది, ఎండిన తలతో గుమ్మంలో తిరగడమా? పైగా మర్నాడు శుక్రవారం. కుంకుడుకాయతో రుద్ది, సాంబ్రాణి పొగ వేసి ఆరబెట్టి, గోరింటాకు పెట్టబోయే ముందు అమ్మ గుడి వైపు తిరిగి దణ్ణం పెట్టుకుని, అరచేతి నిండా నువ్వుల నూనె నా నడినెత్తిన పోసి కణతల దాకా మర్దించింది.

"పిన్నిగారు వద్దన్నారుగా" అన్నాను.

"ఆవిడకేం, చెబుతుంది. శుక్రవారం పూట ఎండు తల నా కళ్ళతో చూడలేను. ఇంత నూనె ఏం చేస్తుందే?" అంది.

నూనె ఏం చేస్తుందో మా ఇంటిల్లిపాదికీ తరవాత తెలిసింది.

గోరింటాకు ముద్ద పొద్దల్లా నెత్తిన మోశాను. చల్లగా, బరువుగా, మెడ మీదికి కారుతూ ఉంది. ఆ నీళ్ళు చెవి వెనక చేరి దురద. బాలింతరాలికి తల తడి పనికిరాదని వెచ్చటి ఇటుక ఒకటి గుడ్డలో చుట్టి మెడ కింద పెట్టారు. కింద వేడి, పైన చలి, మధ్యలో నేను. సాయంత్రం మళ్ళీ కుంకుడుకాయతో కడిగారు. దాంతో నూనే పోయింది, గోరింటాకూ పోయింది. నూనె పూసిన తెల్ల వెంట్రుక గోరింటాకుని లోపలికి రానివ్వలేదు. అప్పటికే దీపాల వేళ కావడంతో ఎరుపు పట్టిందో లేదో ఎవరూ సరిగ్గా చూడలేదు. అమ్మ పట్టిందనుకుంది.

మర్నాడు పొద్దున్న నీలాకు తడిపారు. ఆ వాసన ఎలా చెప్పను? వానకి తడిసి కుళ్ళిన గడ్డివాము కింద చెయ్యి పెడితే వచ్చే వాసన. దానికి కాస్త సున్నం కలిపారు. కలపగానే అది నురగ కట్టి, పైన నీలంగా, లోపల పచ్చగా, కలియబెట్టినకొద్దీ రంగు మార్చుకుంటూ మూకుట్లో బుడగలు వేసింది. అమ్మ తన ముక్కుకి కొంగు కట్టుకుంది. నా ముక్కుకి కట్టుకోవడానికి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఆ ముద్ద తెచ్చి నా నెత్తిన కుమ్మరించి, అరిటాకు కప్పి, పైన గుడ్డ చుట్టి అరుగు మీద కూర్చోబెట్టారు. నుదుటి మీదికీ, చెవుల్లోకీ నీలం కారింది. పాలకి పిల్లాడు ఏడిచాడు. తీసుకువచ్చి ఒళ్ళో వేస్తే నా మొహం దాకా వచ్చి, ఆ కంపుకి తల అటు తిప్పేసుకుని ఇంకా గట్టిగా ఏడిచాడు. కన్నబిడ్డ నన్ను చూసి మొహం తిప్పుకున్నది నా జన్మలో అదొక్కసారే. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

ముద్ద కడిగేసి తల ఆరబెట్టుకోవడానికి పెరట్లో ఎండలో నిలబడ్డాను. అమ్మ వెనక నుంచి వచ్చింది. ఒక పాయ ఎత్తి చూసి వదిలేసింది. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి తొంగి చూసి, "అయ్యో, మా వదినకి బాగానే పట్టిందే" అని చటుక్కున తల దించేసుకుంది. మేనత్త మాత్రం వెనక గది గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయింది. నేను వెళ్ళి అద్దం తెచ్చుకున్నాను.

నల్ల వెంట్రుకలు నల్లగానే ఉన్నాయి. తెల్లవి మాత్రం ఒక్కటి మిగలకుండా పచ్చబడ్డాయి. చిలకపచ్చా కాదు, ఆకుపచ్చా కాదు. కాలవ కట్టేసినప్పుడు రేవు మెట్ల మీద మిగిలే పాచి రంగు. రెండు కణతల నుంచీ ఆ పాచి పాయలు దిగి నా చెవుల మీద పడి ఉన్నాయి. చెవులు నీలం. కొండనాలుకకి మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఊడినా బాగుండేది, కనిపించకుండా పోయేది.

ఇక మొదలయ్యాయి వైద్యాలు. పుల్లమజ్జిగ అన్నారు. పోశారు. చింతపండు పులుసు అన్నారు, పోశారు. శెనగపిండి, బూడిద, నిమ్మచెక్క. ఎవరో ఆవుపంచితం అంటే అదీ తెచ్చి పోశారు. ఒక్కొక్కటి పోసినప్పుడల్లా రంగు వదల్లేదు గాని మెరుపు వదిలింది. చివరికి బూజు పట్టిన ఊరగాయ రంగుకి వచ్చి ఆగింది. నా ఒంటి నుంచి వచ్చే వాసన నాకే భరించరానిదిగా తయారయింది. అన్నం ముద్ద నోటి దగ్గర పెట్టుకుంటే ఆ వాసనే. పిల్లాణ్ణి ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టి పాలకి వేయాల్సి వచ్చింది. సొంత తల మీద అంత ఏహ్యం ఎవరికీ కలగకూడదు. తీసి అవతల పెట్టేద్దామంటే అది తలైపోయింది.

ముసుగు వేసి దాచవచ్చు కదా అనిపించవచ్చు మీకు. మాలో ముసుగు వేసుకునేది విధవలే. మొగుడున్న ఆడది నెత్తిన గుడ్డ కప్పుకుంటే మొగుణ్ణి చంపుకున్నంత పాపం. కత్తిరించడమూ అంతే.

ఈ సంగతి రెండు రోజులు నాన్న దాకా పోనివ్వలేదు. పోయాక ఆయన నా వైపు చూడను కూడా చూడలేదు. వసారాలో కూర్చుని, తమలపాకుకి సున్నం రాస్తూ, చాలా నెమ్మదిగా అమ్మతో అన్నారు.

"రేపు మంగలి అక్కయ్య కోసం ఎలాగూ వస్తాడు. అమ్మాయికి కూడా చేయించేద్దాం. పురుడు కష్టమైందనీ, చిన్న తిరుపతి వెంకన్నకి తలనీలాలు మొక్కుకున్నామనీ చెబుదాం. పెద్ద ముత్తైదువలు కూడా మొక్కు ఉంటే ఇస్తారు. తప్పులేదు."

"చిన్న తిరుపతి మనం వెళ్ళలేదు కదండీ" అంది అమ్మ.

"దేవుడి పేరు చెప్పాక ఎవరూ అడగరు" అన్నారు నాన్న.

నేను గుమ్మం పక్కనే ఉన్నాను. మూకుట్లో నీలాకు కంపు ఏపాటిది? ఈ మాట కంపు ముందు అది గంధం. మా నాన్న అబద్ధం ఆడని మనిషని ఊరంతా అనుకునేది. ఆయన సంధ్యావందనం చేసుకునే నోటితోనే ఆ మాట అన్నారు. అమ్మ కళ్ళు తుడుచుకుని, "పోనీలే, జుట్టేగా, మళ్ళీ వస్తుంది" అంది నాతో. ఆవిడ మీదా అసహ్యం వేసింది నాకు. గోడవైపు తిరిగి పడుకున్నాను. వెనక గదిలో మేనత్త విస్తళ్ళు కుడుతోంది. ఈనెపుల్ల ఆకులో దిగుతున్న చప్పుడు వినబడుతూ ఉంది. కాసేపటికి ఆ చప్పుడు ఆగిపోయింది.

పొద్దున్న మంగలి వచ్చాడు. మేనత్త రాతి మీద కూర్చుంది. ముసుగు తీసి నీళ్ళు చిలకరించుకుంది. వాడు కుడివైపు గొరగడం మొదలుపెట్టాడు. సగం అయ్యేసరికి నాన్న పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడి, "అది అయ్యాక అమ్మాయికి కూడా చెయ్యాలోయ్, మొక్కు ఉంది" అన్నారు.

మంగలి చెయ్యి ఆగింది. "చంటిబిడ్డ తల్లండి బాబూ" అన్నాడు.

"నీకెందుకు? చెప్పింది చెయ్యి" అన్నారు నాన్న.

అప్పుడు మేనత్త లేచింది. సగం తల నున్నగా, సగం తల తెల్ల గరికతో, భుజాల మీద జుట్టు ముక్కలతో లేచి నడిచి, నూతి గట్టెక్కి కూర్చుంది. చేంతాడు పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది. పక్కన బోర్లించి ఉన్న బిందెలు వరసగా ఒక్కొక్కటీ వేలితో ముట్టుకుంది. నాన్న మడిబట్ట ఆరేసిన దండెం చేతికందుతుంది. దాన్నీ ముట్టుకుంది.

ఇది మీకు అర్థం కావాలంటే ఒక మాట చెప్పాలి. మంగలి చెయ్యి పడ్డ మనిషి స్నానం చేసేదాకా మైల. ఆ మనిషిని ఎవరూ ముట్టుకోకూడదు. ఆ మనిషి ముట్టింది ఏదీ మడికి పనికిరాదు. ఆవిడ నూతి మీద ఉన్నంతసేపూ ఇంట్లో నీళ్ళు లేవు. నీళ్ళు లేకపోతే నాన్నకి స్నానం లేదు, దేవుడికి పూజ లేదు, పొయ్యి మీదికి ఎసరు లేదు. గోదావరికి పోయి తెచ్చుకుందామంటే తేవడానికి బిందె లేదు. ఆవిడని చెయ్యిపట్టి దింపుదామంటే దింపినవాడికీ మైలే. జన్మంతా ఆ మైలతోనే ఆవిడని ఓ మూల కూర్చోబెట్టారు. ఆవిడ ఇవాళ దాన్ని తెచ్చి ఇంటి నడుమ పెట్టుకుని కూర్చుంది.

"అక్కయ్యా, ఏంటిది?" అన్నారు నాన్న.

"వాణ్ణి పంపించెయ్. నాది అవనక్కర్లేదు, దానికి చెయ్యనక్కర్లేదు. పంపించెయ్, అప్పుడు దిగుతాను" అంది మేనత్త. గొంతు పెద్దది కూడా చెయ్యలేదు.

"లోకం ఏమనుకుంటుందో నీకు తెలియదు. వాళ్ళు వస్తున్నారు."

"లోకాన్ని కూడా ఇలా రమ్మను. నా తల చూస్తుంది."

నాన్నకి కోర్టు వేళ అవుతోంది. మొహం ఎర్రబడింది. "నీకేం తెలుసు? ఇది దాని మంచికే. మొక్కు అంటే అందులో తప్పేముంది?" అన్నారు.

మేనత్త నూతి పక్క రాయి వైపు చెయ్యి చూపించింది.

"నాకు శాస్త్రం అన్నారురా. నా మంచికే అన్నారు. ఈ రాయే. అమ్మ నా భుజాలు పట్టుకుంది. నువ్వు ఇదిగో, ఈ గుమ్మంలోనే నిలబడి చూశావు. గుక్కపట్టి ఏడిచావు కూడా. అక్కయ్య జడ కావాలని మారాం చేస్తే నీకు బెల్లంముక్క పెట్టారు. మర్చిపోయావా?"

నాన్న గుమ్మం పట్టుకుని ఆ రాయి వంక చూశారు. తరవాత లోపలికి వెళ్ళి, స్నానం లేకుండా, అన్నం లేకుండా, తలపాగా చుట్టుకుని కోర్టుకి వెళ్ళిపోయారు. ఆయన అలా ఇల్లు కదలడం అదే మొదలు. మంగలి పొది సర్దుకుని దొడ్డి గుమ్మంలోంచి జారుకున్నాడు. మేనత్త గట్టు దిగి, తనే నీళ్ళు తోడి నెత్తిన గుమ్మరించుకుని, బిందెలన్నీ చింతపండుతో తోమి కడిగింది. సగం గొరిగిన తల మీద ముసుగు లాక్కుని వంటింట్లోకి వెళ్ళి పొయ్యి రాజేసింది.

అత్తగారూ, మా ఆయనా అన్న రోజునే వచ్చారు. అమ్మ ఊరుకోలేదు. చేమంతులూ, మరువమూ, కనకాంబరాలూ బుట్టతో తెప్పించి నా తలలో ఇంత చోటు మిగల్చకుండా కుట్టేసింది. కణతల మీద చేమంతులు, నడినెత్తిన మరువం. పువ్వుల కింద నీలాకు కంపు, దాని కింద పుల్లమజ్జిగ కంపు. మొత్తం కలిసి పాడుపడ్డ గుళ్ళో నిర్మాల్యం వాసన కొట్టింది. పీటల మీద కూర్చున్నాక అత్తగారు రెండుసార్లు ముక్కు ఎగబీల్చింది.

"ఏంటే ఈ వాసన? పిల్లాడికి ఒంట్లో బాగుండలేదా?" అంది.

పిల్లాడి మీదికి తోసేయడానికి అమ్మ నోరు తెరవబోయింది. నాకు ఇక చాలనిపించింది. జడలో కుట్టిన దారం పట్టుకుని ఒక్క లాగు లాగాను. పువ్వులు పీటల నిండా పడ్డాయి.

"పిల్లాడు బాగానే ఉన్నాడండీ. నా జుట్టు తెల్లబడింది. మీరు ఏదో అన్నారని విని నల్లరంగు వేశారు. అది పచ్చబడింది. వాసన దానిదే" అన్నాను.

మా ఆయన నేల చూపులు చూస్తూ ఒక చేమంతి రేకులు పీకుతూ కూర్చున్నారు. అది తప్ప ఆ పూట ఆయన చేసిన పని ఇంకేదీ నాకు గుర్తులేదు. అత్తగారు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, దగ్గరికి వచ్చి, నా తల ఇటూ అటూ తిప్పి చూసింది. సంతలో గేదె కొమ్ములు చూసినట్టు చూసింది. అంతలో పిల్లాడు ఏడిచాడు. ఎత్తుకుని ఒళ్ళో వేసుకున్నాను. ఆ వాసనకి వాడు అప్పటికి అలవాటు పడిపోయాడు. పాలు తాగుతూ ఒక పచ్చ పాయ గుప్పిట పట్టుకున్నాడు.

అత్తగారు వాడినే చూస్తూ నిలబడింది. ఆఖరికి, "పాలు సరిపోతున్నాయా?" అంది.

"సరిపోతున్నాయండి."

"సరే. వర్జ్యం రాకముందే పడవెక్కాలి. త్వరగా తెముల్చు" అంది.

ఆవిడ మనసు కరిగిందనుకోకండి. మనవడికి పాలు కావాలి. పాలు నా దగ్గర ఉన్నాయి. రెండో పెళ్ళి మాట తరవాత ఎప్పుడూ ఎత్తలేదు, ఎందుకు ఎత్తలేదో నేనూ అడగలేదు.

తల మళ్ళీ దువ్వుకోవాలి. అమ్మ దువ్వెన పట్టుకుని వస్తే, అది చేతిలోంచి తీసుకుని వెనక గదిలోకి వెళ్ళాను. శుభమా అని ప్రయాణమవుతున్నవాళ్ళకి ఎదురుపడకూడదని మేనత్త తలుపు చేరవేసుకుని లోపల కూర్చుని ఉంది. ఆవిడ ముందు వీపు పెట్టి కూర్చుని, దువ్వెన వెనక్కి అందించాను.

"నేను ముట్టుకోకూడదే. కాపురానికి పోతూ ఉన్నావు" అంది.

"జడ వెయ్యి అత్తయ్యా" అన్నాను.

చాలాసేపటిదాకా ఏమీ జరగలేదు. తరవాత చెయ్యి వచ్చి నా తల మీద ఆనింది. చిక్కులు మెల్లగా తీసింది. ఆ కంపుకి ఆవిడ ముక్కు మూసుకోలేదు. ఏ పాయ పచ్చనిదో ఏది నల్లనిదో చూడకుండా అంతా కలిపి గుప్పిట పట్టి బరువు చూసింది.

"నాది ఇంతకన్నా ఒత్తు" అంది. కాసేపాగి, "కొంచెం నూనె రాయనా?" అంది.

రాయమన్నాను. మూడు పాయలు తీసి అల్లడం మొదలుపెట్టింది. మొదట వేళ్ళు తడబడ్డాయి. తరవాత వాటికి గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు కూడా అంత బిగువుగా ఎవరూ జడ వెయ్యలేదు. కణతలు లాగాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పడవ ధవళేశ్వరం లాకుల దగ్గర ఆగినప్పుడు అత్తగారు నా జడ వంక చూసి, ఇంత బాగా ఎవరు వేశారని అడిగింది. మా మేనత్త అన్నాను. ఆవిడ మొహం మారిపోయింది. విధవ చెయ్యి పడ్డ జడతో ఇంట్లో కాలు పెట్టకూడదనీ, ఇక్కడే విప్పేసి కాలవ నీళ్ళు చల్లుకోమనీ అంది. మా ఆయన కూడా తల ఊపారు.

లాకు తలుపులు తెరుచుకుని పడవ కదిలింది. నేను జడ ముందుకు వేసుకుని, రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. విప్పలేదు.